కుండీలో రాధామనోహరం

నేల లేనివారు తీగను పెంచరాదన్న నియమమేదీ లేదు. అయితే సన్నజాజి వంటి సాధువైన లతను కుండీలో పెంచడం ఒక ఎత్తు, రాధామనోహరాన్ని పెంచడం మరొక ఎత్తు. నేలలో నాటితే అది రెండంతస్తుల మేడనెక్కి, పొరుగువారి నీళ్ళ ట్యాంకును కూడా పలకరించి వస్తుంది. అటువంటి దానిని విశాఖలో మా రెండవ అంతస్తు క్వార్టరు బాల్కనీలో ఏడేళ్ళుగా పోషిస్తున్నాము.

ఇందుకు కారణం మా అమ్మగారు. కోనసీమలోని మా ఇంటి వీధి అరుగు ముందు నాన్నగారు వేసిన పందిరి నిండా ఈ తీగే ఉండేది. ఆ ఇల్లు పరుల పాలైన తరువాత అక్కడి నుండి ప్రాణంతో మా వెంట వచ్చినది వేరు నుండి లేచిన ఒక పిలక మాత్రమే. అమ్మగారికిప్పుడు ఎనభై ఆరేళ్ళు, చూపు బాగా మందగించింది. ఈ పువ్వు సంధ్యవేళ తెల్లగా విచ్చుకొని, మరునాటికి గులాబీ వన్నె తిరిగి, ఆపైన ఎర్రబడుతుంది. ఆ రంగులు ఆమెకు నేడు కానరావు. పరిమళం రాగానే పొద్దు గుంకినదని గ్రహించి, "దీపం పెట్టారా?" అని అడుగుతారు.

సాధారణంగా మనవారు కుండీలోనే రెండు కర్రలు గుచ్చి, వాటికి జాలీ కట్టి తృప్తి పడతారు. వృత్తి రీత్యా మాకు లెక్క వేయనిదే నిద్ర పట్టదు. అర మీటరుకు కాస్త తక్కువ వెడల్పున్న కుండీ, తడిసిన మట్టితో కలిపి సుమారు 120 కిలోలు తూగుతుంది. దానిపై 1.2 మీటర్ల వెడల్పు, 1.8 మీటర్ల ఎత్తు గల జాలీ ఆకులతో నిండితే అది తెరచాపతో సమానం. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి చదరపు మీటరుకు దాదాపు 24 కిలోల ఒత్తిడి కలిగిస్తుంది. ఆకుల సందుల గుండా సగం గాలి దూరిపోయినా, మిగిలిన సగం కుండీని బోర్లా పడవేయడానికి చాలును. క్రింద పిల్లలు ఆడుకొనే స్థలమున్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను చూసిన ఊరివారికి గాలిని గురించి వేరుగా విన్నవించనక్కరలేదు.

కావున జాలీ భారమంతా భవనమే మోయాలి, కుండీ మోయరాదు. ఇనుప చట్రాన్ని నాలుగు యాంకర్ బోల్టులతో కాంక్రీటు స్తంభానికి, దూలానికి బిగించాము. ఇటుక గోడ పైపూతను నమ్మలేదు. (బెజ్జం వేయడానికి అనుమతి తెచ్చుకోవడం బెజ్జం వేయడం కన్న కష్టమైనది!) గోడకు, జాలీకి నడుమ జానెడు ఎడముంచాము, గాలి ఆడాలి, చేయి దూరాలి. కుండీని బాల్కనీ కొసన కాక గోడవారగా ఉంచాము. అడుగున ఇటుక ముక్కలు పెట్టి, క్రింది ఇంటి వారి బట్టలు తడవకుండా పళ్ళెం కూడా అమర్చాము.

ఇక వేళ్ళ సంగతి. కుండీ నిండిపోతే ఆకులు పసుపెక్కుతాయి, ఎంత నీరు పోసినా మధ్యాహ్నానికి తీగ వాడుతుంది. అందువలన రెండేళ్ళకొకసారి మట్టిగడ్డను బయటికి తీసి, చుట్టూ రెండంగుళాల మేర వేళ్ళను కోసి, కొత్త మట్టి, చివికిన పశువుల ఎరువు నింపుతాము. వేళ్ళు తగ్గినప్పుడు పైభాగం కూడా తగ్గాలి, లేకున్న ఆకులు కోరినంత నీటిని వేళ్ళు అందించలేవు. మూడవ వంతు మాత్రమే ఉంచి తక్కినది కత్తిరిస్తాము. ఇది కొత్త చిగుళ్ళకే పూస్తుంది గనుక నష్టం లేదు. రాలిన ఆకుల తొడిమలు ముళ్ళవలె నిలిచి ఉంటాయి, చేతికి తొడుగు అవసరం.

ఈ కత్తిరింపు అమ్మగారికి బొత్తిగా సమ్మతం కాదు. పూచే తీగను కోయడం పాపమంటారు. మొదటిసారి కత్తెర చప్పుడు విని, "మీ నాన్నగారు ఎన్నడూ కోయలేదురా" అన్నారు. నేల ఉన్నవారికి ఆ అవసరం లేదని ఎంత చెప్పినా వినలేదు. నెల తిరిగేసరికి చిగుళ్ళను వ్రేళ్ళతో తడిమి లెక్కపెట్టుకున్నారు. కిందటిసారి కోసిన తీగలను తామే మోపు కట్టించి, అందులో మూడు కొమ్మలు వేరు కుండీలో గుచ్చించారు.

మరి పద్నాలుగు నెలలలో మా పదవీ విరమణ. క్వార్టరు ఖాళీ చేయాలి. చట్రాన్ని రెండు ముక్కలుగా చేయించడానికి కారణం అదే, బోల్టులు విప్పితే ఆటోలో పట్టుతుంది. ఇల్లు ఇంకా కుదరలేదు. చూడబోయిన ప్రతి ఇంటిలోను వంటగదిని మా శ్రీమతి చూస్తుండగా, మేము పడమటి బాల్కనీలోకి వెళ్ళి కాంక్రీటు స్తంభం ఎక్కడున్నదో వెదకుతున్నాము.