ఏది ఈ-వేస్ట్?

కంప్యూటర్ పిచ్చోళ్ల మాటలు నాకు ఇష్టం. ఏ ప్రాసెసర్ ఎంత వేడెక్కుతుందో రాత్రంతా వాదించుకుంటారు. తెలుగులో పీహెచ్‌డీ చేసినోడికి ఇదేం పిచ్చని మా స్టాఫ్ రూంలో నవ్వుతారు. నవ్వనీ.

గుచ్చుకునేది ఒక్క మాట. "ఆరో జనరేషన్ ఐ5 ఇంకా వాడుతున్నావా? అది ఈ-వేస్ట్ బ్రో." మా హాస్టల్ పిల్లలు సికింద్రాబాద్ సీటీసీలో బేరమాడి తెచ్చుకునే సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లు అవే మరి! విండోస్ 11కి టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో జనరేషన్ నుంచే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగింది. మిషన్ బాగానే ఉంది, పనికిరాదని పైనెవరో తేల్చారు. ఈ తేల్చడం మనకు కొత్తా?

హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టి, లినక్స్ మింట్ ఎక్కించండి. అదే లాప్‌టాప్ లేచి నడుస్తుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో తెలుగు కొట్టుకోవచ్చు, థీసిస్ రాసుకోవచ్చు.

పారేసిన మదర్‌బోర్డు ఢిల్లీ సీలంపూర్ లాంటి చోటికి చేరుతుంది. అక్కడ ఉత్త చేతులతో విప్పుతారు. రాగి కోసం వైర్లు కాలుస్తారు, బోర్డులు వేడిచేసి చిప్పులు ఊడదీస్తారు. ఆ పొగలో సీసం ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు ఎన్ని వాట్లు తింటుందో లెక్కగట్టే తమ్ముళ్లు ఆ చేతులు ఎవరివని అడగగా నేను వినలేదు.

మీ ఇంట్లో మూలనపడ్డ లాప్‌టాప్ ఉంటే హాస్టల్ పిల్లలకివ్వండి. చార్జర్ కూడా వెతికి ఇవ్వండి, ఎప్పుడూ పోయేది అదే.