మన భాషకో దీపం పెట్టండి బాబూ!

మీ లాప్‌టాప్ కీబోర్డు మీద ఎడమ వైపు, చిటికెన వేలికి అందే దూరంలో క్యాప్స్‌లాక్ అని ఒక మీట ఉంటుంది. చాలా వాటికి ఆ మీట మీదే ఆవగింజంత దీపం కూడా ఉంటుంది. నొక్కితే వెలుగుతుంది, మళ్లీ నొక్కితే ఆరిపోతుంది. మంచి చోటు, మంచి దీపం. మరి తెలుగు రాసేటప్పుడు అది మీకు ఎన్నిసార్లు అక్కరకొచ్చింది? నాకైతే ఒక్కసారి కూడా రాలేదు. మన అక్షరాల్లో పెద్దవీ చిన్నవీ అనే తేడా లేదు కదా. వాక్యం మొదట్లో వచ్చినా, మనిషి పేరులో వచ్చినా 'క' అంటే 'క'యే.

లేఖిని లాంటి వాటిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేవాళ్లకి పెద్దా చిన్నాతో పని ఉంది, ఒప్పుకుంటా. చిన్న 'టీ' కొడితే త, పెద్ద 'టీ' కొడితే ట. కానీ దానికి షిఫ్టు చాలు. పొరపాట్న క్యాప్స్‌లాక్ పడిందంటే 'తల' కాస్తా 'టాళా' అయి కూర్చుంటుంది. సాయం చెయ్యకపోగా ఉన్న తల కూడా పోగొడుతుందన్నమాట :)

మనకి నిజంగా తెలియాల్సిన సంగతి వేరే ఉంది. ఇప్పుడు కొడితే తెలుగు పడుతుందా, ఇంగ్లీషు పడుతుందా? రెండు భాషల్లో రాసేవాడు రోజుకి ఎన్నిసార్లు అటూ ఇటూ గెంతుతాడో లెక్కలేదు. విండోస్‌లో ఆల్ట్, షిఫ్టు కలిపి నొక్కుతాం. లేదంటే 2012లో విండోస్ 8 తో వచ్చిన విండోస్ మీట, స్పేస్‌బార్ జంట. అంతవరకూ బానే ఉంది. మరి మారిందో లేదో ఎక్కడ తెలుస్తుంది? తెర కింద కుడి మూలన, గడియారం దగ్గర, చీమ తలకాయంత గుర్తులో!

ఇందులో ఏం ఇబ్బంది, చూసుకోవచ్చుగా అంటారా? నేనూ అలాగే అనుకునేవాణ్ని, మా పెదనాన్నగారు టైపు కొట్టడం చూసేదాకా.

పెదనాన్నగారికి డెబ్భై రెండేళ్లు. కోనసీమలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. 1996 నవంబరు 6 తుఫాను కళ్లారా చూసిన మనిషి. వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసిన తుఫాను అది. ఆ రాత్రి గురించి మనవలకోసం రాసి పెట్టాలని ఆయన కోరిక. చెయ్యి వణుకుతోంది, పెన్ను పట్టుకుంటే పది నిమిషాలు ఉండలేరు. అందుకని నా పాత లాప్‌టాప్‌లో లినక్స్ ఎక్కించి, మీటల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అతికించి ఇచ్చాను. ఇన్‌స్క్రిప్ట్ అమరిక. అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతికీ, హల్లులు ఎక్కువగా కుడి చేతికీ వస్తాయి కాబట్టి మాస్టారికి తొందరగానే పట్టుబడింది.

ఆయన టైపు కొట్టేటప్పుడు తెర వైపు చూడరు. రెండు వేళ్లతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, తల వంచుకుని మీటల వంకే చూస్తారు. పేరా పూర్తయ్యాకే తలెత్తుతారు. ఒకరోజు అలాగే అరగంట కొట్టి తలెత్తి చూస్తే తెర నిండా ఇంగ్లీషు ముక్కలు, పిచ్చి గీతలు. మధ్యలో ఎప్పుడో ఇంగ్లీషుకి మారిపోయింది. ఎవరైనా చూస్తే నవ్వుతారని మొత్తం చెరిపేసి మూత వేసేశారు.

నాతో చెప్పి ఉంటే తిరిగి తెచ్చేవాణ్ని. ఏ మీటకి ఏ అక్షరమో లెక్క ఒకటే కాబట్టి చిన్న ప్రోగ్రాముతో ఆ పిచ్చి గీతలన్నీ మళ్లీ తెలుగులోకి మార్చొచ్చు. సాయంత్రం ఆ మాటే చెప్పాను.

"పోనీలేరా అబ్బాయ్. కొట్టినవి అక్షరాలే గానీ, తల్చుకున్నది ఆ రాత్రి. మళ్లీ ఇంకోసారి తల్చుకోమంటే నావల్ల కాదు," అన్నారు.

అప్పుడు నాకు అర్థమైంది, తెర మూలన ఉన్న గుర్తు ఆయనకి లేనట్టే లెక్క అని. మీటలు వెతుక్కునే ప్రతివాడికీ అంతే. కొత్తగా నేర్చుకునే పిల్లలు, పెద్దవాళ్లు, స్టిక్కర్ల మీద ఆధారపడేవాళ్లు, అందరి చూపూ కీబోర్డు మీదే ఉంటుంది. కబురు మాత్రం తెర మీదకి వస్తుంది. చూపు ఉన్నచోటికి రాని కబురు కబురే కాదు.

ఒకే మీట ఒక్కోసారి ఒక్కో పని చెయ్యడాన్ని మా వృత్తిలో 'మోడ్' అంటారు. దీని మీద జీవితాంతం పోరాడిన మనిషి లారీ టెస్లర్. జెరాక్స్ పార్క్‌లో 1970లలో కట్, కాపీ, పేస్ట్ పద్ధతి తయారుచేసినవాళ్లలో ఆయనొకరు. ఆ తర్వాత ఆపిల్‌లో పనిచేశారు. 2020 ఫిబ్రవరిలో పోయారు. ఆయన కారు నంబరు ప్లేటు మీద ఉన్నమాట 'నో మోడ్స్'. మనిషి తను ఏ మోడ్‌లో ఉన్నాడో మర్చిపోతాడు, తప్పు మనిషిది కాదు, యంత్రానిది అన్నది ఆయన వాదన సారం.

కానీ రెండు భాషలవాడు మోడ్ లేకుండా బతకలేడు. ఉన్నవి అవే మీటలు కదా. కాబట్టి మోడ్ తియ్యలేకపోతే కనీసం కనిపించేట్టు చెయ్యాలి. పాత టైపు మిషన్ల మీద షిఫ్ట్‌లాక్ నొక్కితే మీట కిందకి దిగి అక్కడే ఉండిపోయేది, వేలికే తెలిసిపోయేది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ కీబోర్డుకి దీపాల్లేవు. క్యాప్స్‌లాక్ పడిందో లేదో గుర్తుపెట్టుకోవడం వాడేవాడి ఖర్మ. 1984లో పీసీ ఏటీతో వచ్చిన కీబోర్డుకి దీపాలు పెట్టారు. అంటే ఇంగ్లీషువాడి ఇబ్బంది మూడేళ్లలో తీరిపోయింది. మనది ఇంకా అలాగే ఉంది.

సూచిక అంటే ఎలా ఉండాలో మా గోదావరి జిల్లాలవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. లంకల్లో ఉండేవాడు క్యూసెక్కుల లెక్కలు కట్టుకోనక్కర్లేదు. ఎన్నో హెచ్చరికో వింటే చాలు, గొడ్లని ఎప్పుడు తోలుకురావాలో, సామాను ఎప్పుడు సర్దాలో తెలిసిపోతుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటి, ఇక్కడ మూడో హెచ్చరిక కూడా దాటినప్పుడు జనం ఆ అంకె పట్టుకునే కదిలారు. ఆ అంకె రాజమండ్రిలో ఆఫీసు గోడ మీద రాసి ఊరుకుంటే లంకలో వాడికేం ఉపయోగం? భాష గుర్తుని తెర మూలన పెట్టడం కూడా అలాంటిదే.

పోనీ ఇది ఖర్చుతో కూడిన పనా అంటే, అదీ కాదు. చాలామందికి తెలియని సంగతొకటి చెప్తా. క్యాప్స్‌లాక్ దీపాన్ని వెలిగించేది కీబోర్డు కాదు, కంప్యూటరు. మీట నొక్కారన్న కబురు మాత్రమే కీబోర్డు పంపిస్తుంది. దీపం వెలిగించమని కంప్యూటరు తిరిగి చెప్తుంది. యూఎస్‌బీ కీబోర్డుల ప్రమాణంలో దీపాలకోసం మామూలుగా ఒక బైటు, అంటే ఎనిమిది బిట్లు పంపుతారు. అందులో వాడేవి ఐదు. నమ్‌లాక్, క్యాప్స్‌లాక్, స్క్రోల్‌లాక్, కంపోజ్, ఐదోది కానా. కానా అంటే జపాను వాళ్ల లిపి! వాళ్ల లిపికి అంతర్జాతీయ ప్రమాణంలోనే ఒక దీపం ఉంది. మిగిలిన మూడు బిట్లూ ఖాళీ. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలోనే తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8.11 కోట్లమంది. హిందీ, తమిళం, బెంగాలీ కూడా కలుపుకుంటే ఎంతమందో మీరే ఊహించుకోండి. ఇంతమందికి ఒక్క బిట్టు అడగడం అత్యాశేం కాదుగా?

కొత్త దీపం వచ్చేలోపు ఉన్నదాన్నే వాడుకోవచ్చు. లినక్స్‌లో కీబోర్డు అమరికలు చూసే ఎక్స్‌కేబీలో రెండు ఎంపికలున్నాయి. ఒకటి, క్యాప్స్‌లాక్ మీటతో భాష మార్చుకోవడం. రెండు, మారిన భాషని ఆ మీట దీపంతోనే చూపించడం. కేడీఈ వాడేవాళ్లు కీబోర్డు అమరికల్లోకి వెళ్లి టిక్కులు పెట్టుకుంటే సరిపోతుంది. రష్యన్ రాసే లినక్స్ వాడుకరులు ఈ చిట్కా ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు. విండోస్‌లో అయితే మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్‌టాయ్స్‌తో క్యాప్స్‌లాక్‌ని భాష మార్చే మీటగా చేసుకోవచ్చు గానీ దీపం దారి దీపానిదే. మాక్‌లో కూడా క్యాప్స్‌లాక్‌తో ఇంగ్లీషుకి వెళ్లి వచ్చే ఏర్పాటు సెట్టింగుల్లోనే ఉంది.

పెదనాన్నగారి లాప్‌టాప్‌లో ఆ రెండు ఎంపికలూ పెట్టేశాను. "దీపం వెలిగితే తెలుగు, ఆరితే ఇంగ్లీషు. అంతేనండీ," అని చెప్పాను. వేరే పాఠం అక్కర్లేకపోయింది. మీటలు వెతుక్కునేటప్పుడు ఆ దీపం ఆయన కంటిముందే ఉంటుంది. షార్ట్‌కట్‌లు మాత్రం ఇంగ్లీషు అక్షరాలతో గుర్తుండవన్నారు. నిజమే, కాపీకి 'సీ' గానీ, నకలుకి 'సీ' ఏవిటి? అందుకని చోటుతో చెప్పాను. కంట్రోల్ పట్టుకుని కింది వరసలో ఎడమ నుంచి నాలుగు మీటలు: వెనక్కి, కోత, నకలు, అతుకు. జెడ్, ఎక్స్, సీ, వీ. 1980ల మొదట్లో ఆపిల్ వాళ్లు వీటిని పక్కపక్కన పెట్టింది చేతికి వీలుగా ఉంటాయనే. భాష ఏదైనా చోటు మారదు కదా. దాంతోపాటు పై వరసలో కంట్రోల్, ఎస్ కూడా నేర్పాను, దాచుకోవడానికి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. దీపం అబద్ధం ఆడకూడదు. అబద్ధమాడే దీపం కన్నా అసలు లేకపోవడమే మేలు. 2013లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొన్ని పాత ఆపిల్ కంప్యూటర్లలో పక్కనున్న దీపం వెలక్కుండానే కెమెరా ఆన్ చెయ్యొచ్చని నిరూపించారు. మన మీటింగుల సంగతీ అంతే. కొన్ని లాప్‌టాప్‌లకి మైకు ఆపే మీట మీద దీపం ఉంటుంది, కానీ మీటింగు సాఫ్ట్‌వేరులో మనం విడిగా మైకు ఆపితే ఆ దీపానికి తెలియకపోవచ్చు. భాష దీపం విషయంలోనూ అదే నియమం ఉండాలి. ఏ పద్ధతిలో మార్చినా, ఏ కిటికీలో ఉన్నా, వెలిగితే తెలుగే పడాలి. ముఖ్యంగా పాస్‌వర్డు కొట్టేచోట. అక్కడ తెర మీద చుక్కలే కనిపిస్తాయి. క్యాప్స్‌లాక్ ఆన్‌లో ఉందని హెచ్చరించే యంత్రం, భాష వేరే ఉందని కూడా అంతే గట్టిగా చెప్పాలిగా? మూడుసార్లు తప్పు కొట్టి ఖాతా తాళం పడ్డాక మూల చూసుకుని లాభమేంటి?

తెలుగులో రాయండి, తెలుగులో రాయండి అని సభల్లో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. రాసేవాడి చేతి కింద ఏముందో చూసేవాళ్లు తక్కువ. ఖతులు వచ్చాయి, కీబోర్డులు వచ్చాయి, మాట్లాడితే రాసిపెట్టే ఫోన్లూ వచ్చాయి. కానీ తుఫాను రాత్రి గురించి రాయాలనుకునే డెబ్భై రెండేళ్ల మనిషి ఫోన్లోకి అరిచి చెప్పుకోడు, ఒక్కో అక్షరం ఏరుకుంటూ రాసుకుంటాడు. ఆయనకి కావల్సింది ఆవగింజంత వెలుగు.

మీ ఇంట్లో తెలుగు టైపు కొట్టే పెద్దవాళ్లుంటే ఒక్క పది నిమిషాలు పక్కన కూర్చుని, వాళ్ల చూపు ఎక్కడుందో గమనించండి. ఎక్కడుంటే అక్కడికి కబురు చేర్చే ఏర్పాటు చెయ్యండి. పెదనాన్నగారు ఇప్పుడు పదకొండో పేజీలో ఉన్నారు. కొబ్బరిచెట్లు పడటం మొదలైంది.