గుత్తి కోటనుండి అనంతపురమునకు

వరుని వెదకుటకంటె విశ్వవిద్యాలయమును వెదకుట కష్టమని మాకు ఈ యేట తెలిసినది. మా పెద్దమ్మాయి యింటరు ముగించి, ఈఏపీసెట్టులో చెప్పుకొనదగిన ర్యాంకు తెచ్చుకొన్నది. తిరుపతిలో 2015లో వెలసిన ఐఐటీకి పరీక్ష వేఱు, అందులో నిలువలేదు. కౌన్సెలింగు దగ్గఱపడగా ఇంట నొక్కొక్కరిది యొక్కొక్క మాట. కంప్యూటరు శాఖయే మేలని మా వారు. దూరము పంపవలదని మా యత్తగారు. పిల్ల మాత్రము సివిల్ యింజనీరింగే కావలెనని పట్టుపట్టినది. కారణ మడుగగా, "కోటమీదికి పోదము రా, అమ్మా, చెప్పెదను" అన్నది.

కోట క్రిందనే కాపురముండియు మేము కొండ యెక్కి పదునైదేండ్లైనది. ఎండ ముదురకముందే బయలుదేరితిమి. ద్వారము వెనుక ద్వారము దాటి, మోకాళ్లు మొఱపెట్టుచుండగా, మురారిరావు గద్దె యనబడు చిన్న మంటపమును చేరితిమి. అచ్చటినుండి చూడగా ఊరు, రైలుదారులు, వానకై యెదురుచూచు చేలు అన్నియు అరచేతిలో నున్నట్లుండెను. పిల్ల మమ్ము బావులవైపు గొనిపోయినది. అంత యెత్తున నీరు నిలిపిన వారి నేర్పును మేము మెచ్చుకొనుచుండగా, "ఇంత కోటయు హైదరాలీ ముట్టడికి లొంగినది నీరు చాలకనే కదా, అమ్మా!" అన్నది. ఆ ముట్టడి 1776 ప్రాంతమున జరిగినది. నేటికిని మా జిల్లాలో ఏడాది వర్షము సగటున 550 మిల్లీమీటర్లకు మించదు. బిందె నిండుటకై రాత్రులు మేలుకొన్నవారము. ఆ మాటకు మాకు బదులు తోచలేదు.

శాఖ తేలినది. ఇక కళాశాల! మా బంధువులలో నొకరు సింహద్వారపు టందమునకు మురిసి కొడుకును ఒకచోట చేర్పించిరి; ప్రయోగశాలకు ఏడాదిలో సగము దినములు తాళమేనట. కావున కన్నులార చూడక నిశ్చయింపరాదని, మఱునాడే రైలెక్కి అనంతపురము పోయితిమి.

అచ్చటి యింజనీరింగు కళాశాల 1946లో మద్రాసు గిండీలో ఆరంభమై, 1948లో అనంతపురమునకు తరలివచ్చినది. 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయములో చేరినది. 2008లో అనంతపురమునకే ప్రత్యేక విశ్వవిద్యాలయ మేర్పడినది. గిండీ యనగానే మాకు మన తెలుగు పడుచు అయ్యలసోమయాజుల లలిత జ్ఞప్తికి వచ్చినది. పదునెనిమిదేండ్లకే భర్తను గోల్పోయి, చంటిబిడ్డ తల్లియై, 1940లో గిండీలో చేరి, విద్యుచ్ఛాఖలో పట్టము పొందిన ధీర. ఆమె పట్టాపై అచ్చైన 'అతడు' అను మాటను కొట్టివేసి 'ఆమె' యని వ్రాయవలసి వచ్చెనట!

ఒక్క సంగతి తల్లులు గుర్తింపవలెను. ఈ విశ్వవిద్యాలయమునకు అనుబంధమైన కళాశాలలు పెక్కులు. పట్టాపై పేరొకటే యైనను, బోధించు గురువులును, యంత్రములును ఎక్కడి వక్కడివే. మేము చూచినది విశ్వవిద్యాలయము స్వయముగా నడుపు కళాశాల. కోరిన శాఖకు జాతీయ ప్రమాణ మండలి, అనగా ఎన్‌బీఏ, గుర్తింపు కలదా, ఎన్నేండ్లకు కలదా యనియు అడుగవలెను. కళాశాల కంతటికిని కలదను మాట చాలదు, ఆ గుర్తింపు శాఖ శాఖకు వేఱుగా నిత్తురు.

లలిత కథ విని మా యత్తగారు చాలసేపు మాటలాడలేదు. పిదప, "వసతిగృహమున రాగిసంకటి పెట్టుదురా?" అని మాత్ర మడిగిరి. ఐచ్ఛికములలో మొదట అనంతపురము సివిల్ శాఖను వ్రాసితిమి. రెండవది యేది వ్రాయవలెనో తండ్రీబిడ్డ లింకను వాదించుచునే యున్నారు.