నా చేతికి అందే పడవ

పడవ ఎక్కగానే బ్రోకర్ నా సహచరుడిని ఇంజన్ దగ్గరికి తీసుకెళ్లాడు. నాకు మాత్రం పొయ్యి చూపించాడు. రెండు బర్నర్ల పొయ్యి, పక్కన చిన్న సింకు, కిటికీకి నీలం పరదాలు. "మీకు నచ్చుతుంది" అన్నాడు. మేరీలాండ్‌లో చెసపీక్ అఖాతం ఒడ్డున ఆ వేసవిలో మేం చూసిన పడవల్లో అది నాలుగోది. ప్రతిచోటా ఇదే వరస.

పిల్లలు చదువులకి వెళ్లిపోయాక, సెలవు రోజుల్లో రెండు రాత్రులు నీళ్ల మీదే పడుకుని రాగలిగే తెరచాప పడవ ఒకటి కొనుక్కోవాలనిపించింది. కోరిక ఇద్దరిదీ. రెండు వేసవులు ఇద్దరం కలిసే నేర్చుకున్నాం. కొత్త పడవ మాకు అందదు. 1970, 80లలో ఫైబర్‌గ్లాస్‌తో చేసినవి ఇంకా చాలా తేలుతున్నాయి, పాత కారు ధరకి దొరుకుతాయి. అయితే వాటిని చూసి కొనకూడదు, విని కొనాలి. చాలా పడవల్లో డెక్ అంటే రెండు ఫైబర్ పొరల మధ్య బాల్సా చెక్క. మరలు దిగిన చోట సీలు పోతే నీళ్లు లోపలికి ఇంకి చెక్క కుళ్లిపోతుంది. పైకి ఏమీ కనిపించదు. సర్వే చేసేవాళ్లు చిన్న సుత్తితో తట్టి వింటారు. గట్టిచోట కంగుమంటుంది, కుళ్లినచోట మొద్దుగా పలుకుతుంది.

వాళ్లిద్దరూ ఇంజన్‌లో తలలు దూర్చి ఉండగా నేను వేలి కణుపుతో డెక్ తట్టుకుంటూ వెళ్లాను. తెరచాప కొయ్యని నిలబెట్టే ఉక్కు తీగల మొదట్లో మొద్దు శబ్దం. సంతలో కుండ కొనేటప్పుడు మా అమ్మమ్మ ఇలాగే తట్టి, చెవి ఒగ్గి విని, నచ్చకపోతే పక్కన పెట్టేసేది. అదే చెప్పాను. ప్రశ్న నాది, బ్రోకర్ జవాబు మాత్రం నా సహచరుడికి. "వయసు మళ్లినా మాట వింటుంది" అన్నాడు పడవని ఉద్దేశించి. ఇంగ్లీషులో పడవ 'ఆమె' కదా! నౌకావ్యాపార పత్రిక లాయిడ్స్ లిస్ట్ 2002లో ఆ స్త్రీలింగాన్ని వదిలేసింది, రేవుల్లో మాత్రం అది బతికే ఉంది. నవ్వబోయి ఆగాను. మన భాషలో "పడవ వచ్చింది", "ఆమె వచ్చింది" - రెంటికీ ఒకే క్రియ. వాళ్లు వస్తువుని ఆడదాన్ని చేశారు, మనం ఆడదాన్ని వస్తువు పక్కన కూర్చోబెట్టాం. ఎవరిని చూసి ఎవరు నవ్వాలి?

అసలు గొడవ ఐదో పడవ దగ్గర వచ్చింది. 34 అడుగులది. లోపల నిటారుగా నిలబడొచ్చు, వేరే పడకగది ఉంది. నా సహచరుడికి కళ్లు మెరిశాయి. నడిపి చూడడానికి అఖాతంలోకి వెళ్లినప్పుడు చుక్కాని చక్రం సహజంగానే అతని చేతికొచ్చింది. అరగంట తర్వాత నేనడిగి తీసుకున్నాను. ఒక దిండు నీళ్లలోకి విసిరి, "ఇది నువ్వనుకో. ఎవరూ నాకు సాయం చెయ్యకండి" అన్నాను.

పడవ తిప్పగలిగాను. కానీ తెరచాప తాడు లాగలేకపోయాను. వించ్ పిడి రెండు చేతులా పట్టుకుంటే చక్రం వదిలెయ్యాలి. చక్రం పట్టుకుంటే తెరచాప కొట్టుకుంటుంది. చూస్తుండగానే దిండు చుక్కంత అయిపోయింది. బ్రోకర్ ఇంజన్ వేసి వెనక్కి తెచ్చాడు.

"నేనున్నాగా, నీకెందుకు భయం?" అన్నాడు నా సహచరుడు.

"నీళ్లలో పడింది నువ్వే" అన్నాను.

ఇంటికొచ్చే దారంతా ఇద్దరం మాట్లాడుకోలేదు. 'నేనున్నాగా' అన్నది ప్రేమతో అన్న మాటే. పాతికేళ్లుగా ఆ మాట విని నిశ్చింతగా ఉన్నదాన్ని. బ్యాంకు వ్యవహారాలు, ఇంటి అప్పు, దూరప్రయాణాల్లో కారు - ఇలా ఒక్కొక్కటీ చేతిలోంచి జారిపోయింది ఆ మాట మీదే. నేల మీద ఆ లోటు ఎప్పటికో గానీ బయటపడదు. నీళ్ల మీద రెండు నిమిషాల్లో బయటపడుతుంది.

ఆ రాత్రి కాగితం మీద లెక్కవేశాను. 34 అడుగుల పడవకి తెరచాప 500 చదరపు అడుగులు దాటుతుంది. 27 అడుగుల దానికి దాదాపు 340. గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. అంటే గాలి పెరిగేకొద్దీ పెద్ద పడవ అతని బలం మీద మరింత ఆధారపడుతుంది, నేను మెట్లు దిగి పొయ్యి దగ్గరికి చేరతాను. ఎవరూ పొమ్మనక్కర్లేదు, పడవ కొలతే పంపిస్తుంది. మా మధ్య శ్రమ విభజన కొనుగోలు రోజునే జరిగిపోతుంది.

దీన్నిబట్టి ఆడవాళ్లకి చిన్న పడవే తగినదని నేననడం లేదు. 2017 సెప్టెంబర్ నుంచి 2018 మే దాకా ఆరుగురు భారత నౌకాదళ మహిళలు 55 అడుగుల తారిణి మీద భూమి చుట్టి వచ్చారు. వాళ్లలో విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఉన్నారు. 2024 అక్టోబర్‌లో అదే పడవ మీద దిల్నా, రూప ఇద్దరే బయల్దేరి 2025 మేలో తిరిగొచ్చారు. ఏళ్ల తరబడి శిక్షణ, సముద్రంలో వేల మైళ్ల అనుభవం వాళ్లవి. నాకున్నవి రెండు వేసవులు, నొప్పెట్టే భుజం. ఉన్న బలానికి సిగ్గుపడకుండా దాన్నే కొలబద్ద చేసుకోవడం కూడా ఒక తెలివే. 1985లో న్యూయార్క్ నుంచి ఒంటరిగా ప్రపంచయాత్రకి బయల్దేరిన టానియా ఏబికి పద్దెనిమిదేళ్లు, ఆమె పడవ 26 అడుగులే.

ఏడోది కాటలీనా 27. నా సహచరుడు లోపల తల వంచుకోవాల్సొచ్చింది, మొహం ముడుచుకున్నాడు. మళ్లీ దిండు విసిరాను. మొదటిసారి తప్పిపోయింది. రెండోసారి దాటిపోయాను. మూడోసారి తెరచాప వదులు చేసి, పడవని దిండు పక్కన ఆపి, కొక్కెం కర్రతో లాగాను. చేతులు వణుకుతున్నాయి. తడిసిన మనిషిని దిండులా ఎత్తలేమని తెలుసు. అందుకే వెనక నిచ్చెన నీళ్లలోకి ఎంత దిగుతుందో కొలిచాం, మనిషిని లాగే కప్పీ ఎక్కడ కట్టాలో చూసుకున్నాం. కొలిచింది నా సహచరుడు. ఆ దిండు తనేనన్న సంగతి అప్పుడే నిజంగా ఎక్కిందంటాడు.

సర్వే సరిగ్గా వచ్చింది. కాగితాల మీద ఇద్దరి పేర్లూ రాయించాం. "మరి వంటో? పొయ్యి చాలా చిన్నదే!" అని ఈసారి అడిగింది అతనే.

"నువ్వున్నావుగా" అన్నాను.