పడకుండా ఆపేది కాళ్లే

మా ఇంట్లో రోజూ రాత్రి భోజనాలకు ముందు పది నిమిషాలు టీవీ కట్టేసి అందరం కాళ్ల వ్యాయామం చేస్తాం. ఆరో తరగతి చదివే మా అబ్బాయి, 68 ఏళ్ల మా అత్తయ్యగారు, మేమిద్దరం. ఇది మొదలైంది అత్తయ్యగారి కోసం.

పోయిన వేసవిలో ఆవిడ గడప తట్టుకుని ముందుకు తూలారు. తలుపు చేతికి అందింది కాబట్టి పడలేదు. దెబ్బ తగల్లేదు కానీ భయం పట్టుకుంది. బజారుకు వెళ్లడం మానేశారు, తర్వాత మెట్లు దిగడం మానేశారు. స్కూళ్లు తెరిచాక మనవణ్ణి బస్సు ఎక్కించడానికి కూడా రాలేదు. జులై వచ్చేసరికి కుర్చీలోంచి లేవాలన్నా రెండు చేతులూ ఆనించాల్సి వచ్చేది.

డాక్టరు పరీక్షలు చేసి ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపారు. ఆవిడ చెప్పిన మాట నాకు బాగా గుర్తుండిపోయింది. "కాలు తట్టుకోవడం ఏ వయసులోనైనా జరిగేదే అమ్మా. తట్టుకున్నాక రెండో కాలు ఎంత త్వరగా ముందుకు పడుతుంది, పడ్డాక ఒంటి బరువు ఆపుతుందా అన్నదే ముఖ్యం. భయపడి నడక మానేస్తే కాళ్లు ఇంకా నీరసిస్తాయి."

మనం నిలబడటానికి కళ్లు, లోపలి చెవి, పాదాలు, కీళ్ల నుంచి వచ్చే సమాచారం మూడూ కలిసి పనిచేస్తాయట. కొంచెం ఊగితే చీలమండలే సర్దుకుంటాయి. ఇంకాస్త ఊగితే నడుము సర్దుతుంది. అదీ చాలకపోతే అడుగు ముందుకు వేయాలి. ఆ అడుగులో మోకాలు కుంగకుండా ఆపేది తొడ ముందు కండరం. నడిచేటప్పుడు కాలివేళ్లు నేలకు తగలకుండా పైకెత్తేది ముంగాలి కండరం.

ఆవిడ నేర్పినవి నాలుగే. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం. వంటగది గట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం. గట్టు పక్కనే ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడటం. గోడ పక్కన టైల్స్ గీత మీద మడమకు వేళ్లు ఆనించి నడవడం. మొదటి వారం అత్తయ్యగారు కుర్చీ చేతులు వదల్లేదు. దిండు వేసి ఎత్తు పెంచితే రెండుసార్లు లేవగలిగారు.

మా వాడు కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడబోయి వెంటనే కాలు దించేశాడు. నానమ్మ నవ్వారు. "మా చిన్నప్పుడు తొక్కుడుబిళ్ల ఆడితే గళ్లన్నీ కుంటుకుంటూ వెళ్లి రావాలిరా, గీత తొక్కితే అవుట్!" మర్నాడు పార్కింగులో సుద్దముక్కతో గళ్లు గీశారు. అపార్ట్‌మెంట్ పిల్లలందరూ చేరారు. ఒంటికాలి మీద దూకడం, గీత తాకకుండా దిగడం, తూలితే సర్దుకోవడం, ఫిజియోథెరపిస్టు చెప్పినవన్నీ ఆ ఆటలోనే ఉన్నాయి.

దసరా సెలవుల్లో గుడి మెట్ల దగ్గర అత్తయ్యగారు మళ్లీ తూలారు. పట్టుకోవడానికి ఏమీ లేదు. కుడికాలు దానంతటదే ముందుకు పడింది, మోకాలు వంగి ఆగింది. "పడలేదే!" అన్నారు ఆశ్చర్యంగా. సెలవులయ్యాక మనవడి బ్యాగ్ పట్టుకుని బస్సు దగ్గరికి బయల్దేరారు.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆటలు, వారానికి కనీసం 3 రోజులు కండరాలు, ఎముకలు గట్టిపడే వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 65 దాటినవారు వారానికి 3 రోజులైనా బ్యాలెన్స్, బలం పెంచే వ్యాయామాలు చేయాలట. మీ ఇంట్లో పెద్దవారికి కళ్లు తిరుగుతున్నా, బీపీ మాత్రలు వాడుతున్నా ముందు డాక్టరును అడగండి. కళ్లు మూసుకుని చేసేవి వారితో చేయించకండి, పక్కన ఒకరు ఉండండి.

పిల్లల సంగతి ఇంకా సులువు. ఒక సుద్దముక్క, నాలుగు గజాల ఖాళీ నేల ఉంటే చాలు.

— ఆరో తరగతి విద్యార్థి తల్లి