లెక్కకు ముందు మాట

సాంఘికశాస్త్రములు చదువు మన పూర్వవిద్యార్థులు నేడు కంప్యూటరుపై గణాంక విశ్లేషణము నేర్చుచున్నారు. పొరుగు రాష్ట్రమున తెలుగు బోధనకు శిక్షణ పొందిన మేమును వారి చెంత కూర్చుండి ‘ఆర్’ అను ఉచిత సాఫ్టువేరును కొంత నేర్చితిమి. వేలకొలది వరుసలను అది క్షణములో కూడి, శాతములు కట్టి, పటము గీయును. 2011 జనగణనలో తమిళనాట నూటికి సుమారు 6 గురు తెలుగును మాతృభాషగా చెప్పిరి.

అయితే యంత్రము చెప్పిన మాటనే లెక్కించును. చెప్పని మాట నెరుగదు. అందరి తప్పును ఒకే వైపునకు ఒరిగినచో, వరుసలెన్ని పెంచినను అది తరుగదు.

జనగణనలో మాతృభాష యనగా బాల్యమున తల్లి మనతో మాటాడిన భాష. బడిలో చదివినదియు కాదు, అంగడిలో వాడునదియు కాదు. పళనిలో ఇంట తెలుగును, వీధిలో తమిళమును మాటాడు కుటుంబములు కలవు. అట్టివారు తమిళమని చెప్పినచో, ఆ యింటి తెలుగు ఏ పట్టికకును ఎక్కదు. ఆ పత్రమున తెలిసిన ఇతర భాషలకు వేరుగా చోటు కలదు. మనకు అన్నము పెట్టు తమిళమును అచట సగర్వముగా వ్రాయింపవచ్చును.

పిల్లలారా, యంత్రవిద్య తప్పక నేర్వుడు. తల్లిదండ్రులారా, గణకుడు గుమ్మమునకు వచ్చిననాడు నిజము చెప్పుడు. విశ్లేషణము అచటనే మొదలగును.