ఊరికీ పేటకీ ఒకే మురుగు

బోదకాలు కులం చూసి రాదు. అగ్రహారం నుంచి వచ్చే పెద్దావిడ చీర కుచ్చెళ్ల కిందా, దళితుల పేట నుంచి వచ్చే కూలీ లుంగీ కిందా దాగేది ఒకే వాపు, ఒకే సిగ్గు. కోనసీమలోని అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో ప్రాక్టీసు చేసే వైద్యులకు ఈ కేసులు కొత్త కాదు. ఇరువురూ ఆలస్యంగానే వస్తారు. ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉంటే మరీ ఆలస్యం. ఈ వాపు తెచ్చే ఫైలేరియా పురుగు ఒంట్లో ఏళ్ల తరబడి బతుకుతుంది. చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. దాని పిల్లలు రాత్రివేళే నెత్తుటిలో తిరుగుతాయి కనుక రక్తపరీక్షలూ రాత్రిపూటే చేయాల్సి వచ్చేది. ఏ బాధా లేకుండా తిరిగే మనిషి నుంచే దోమ దాన్ని పక్క వీధికి మోస్తుంది. ఆ క్యూలెక్స్ దోమ పుట్టేది నిలవ మురుగులో. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకు నీళ్లు దండిగా వచ్చాయి గానీ, వచ్చిన నీరు సముద్రానికి పోయే దారి అంత సులువుగా దొరకలేదు. గౌతమికీ వసిష్ఠకూ నడుమ ఉన్న ఈ పల్లపు నేలలో మురుగు ఎటు పోవాలన్నది నేటికీ చిక్కే. చాలా ఊళ్లలో పేట పల్లంలో ఉంటుంది. ఊరి మురుగు అటే పారుతుంది. అక్కడ పుట్టిన దోమ చీకటి పడేసరికి ఊళ్లోకి వస్తుంది.

ఫైలేరియా నివారణకు ఏటా అందరికీ డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు మింగించే పద్ధతి వచ్చినప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక లెక్క చెప్పింది: మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది నిజంగా మింగితేనే వ్యాప్తి ఆగుతుంది. ఒక వీధి వారంతా మింగి పక్క వీధిని వదిలేస్తే మింగిన వారికీ రక్షణ దక్కదు. నా వాదనంతా దీని మీదే నిలబడుతుంది. మనుషులంతా ఒక్కటే అన్న మాటను మనం నీతిగా చెప్పుకుంటాం, పిల్లల చేత వల్లె వేయిస్తాం. వైద్యంలో మాత్రం అది రుజువైన విషయం. దాన్ని కాదన్న ఊరు అవిటితనంతో మూల్యం చెల్లిస్తుంది.

నెత్తురు సంగతీ అంతే. 1901లో శాస్త్రవేత్త లాండ్‌స్టైనర్ రక్తంలోని గ్రూపులను వివరించాక, ఒకరి రక్తం మరొకరికి ఎందుకు సరిపడదో తెలిసింది. ఆ తేడాలకు జాతితో, కులంతో పని లేదు. అయినా రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా రెడ్‌క్రాస్ నల్లవారి రక్తాన్ని మొదట తీసుకోలేదు; తర్వాత తీసుకున్నా 1950 దాకా వేరే చీటీతో వేరుగా ఉంచింది. ఆ విభజనకు శాస్త్రాధారం లేదని అప్పుడే తెలుసు. తెలిసీ కొనసాగించారు. మన దగ్గర అలాంటి చీటీ లేదు. కాన్పులో నెత్తురు ధారగా పోతున్న తల్లికి ఎక్కించే సీసా మీద గ్రూపూ తేదీ ఉంటాయి, దాత కులం ఉండదు. కోనసీమలో ఏ కులమైనా ఇంకో కులం రక్తం తీసుకోకుండా ఈ తరం దాకా వచ్చిందని నేను నమ్మను.

దీనికి మొదట వచ్చే అభ్యంతరం బలమైనదే. ఆపదలో కలుస్తారు, ఆపద తీరాక ఎవరి అరుగు వారిదే అంటారు. నిజం. ఆసుపత్రి వార్డులో పక్కపక్క మంచాల మీద పడుకున్నవారు ఊరికెళ్లాక ఒక బంతిలో కూర్చోరు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. దానికి అంబేద్కర్ పేరు చేర్చే ప్రతిపాదన మీద మే 24న అమలాపురంలో రేగిన నిరసన ఒక మంత్రి ఇంటినీ, ఒక ఎమ్మెల్యే ఇంటినీ తగలబెట్టేదాకా వెళ్లింది. బస్సులు కాలాయి. రోజుల తరబడి ఇంటర్నెట్ ఆగింది. ఒకే నీరు, ఒకే దోమ, ఒకే రక్తనిధి ఉన్న చోటే ఇది జరిగింది. అందుకే మంచి మనసు ఒక్కటే చాలదంటాను. ఆ మనసు డ్రైనుగా, మంచినీటి కుళాయిగా, ఊరూ పేటా కలిసి వాడే శ్మశానంగా మారకపోతే ఆపదతోపాటే పోతుంది.

రెండో అభ్యంతరం చదువుకున్నవారిది: జన్యువుల్లోనే తేడాలున్నాయి కదా అని. ఉన్నాయి. ఆర్యవైశ్యుల్లో కొందరికి ఆపరేషన్ వేళ కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ ఇస్తే చాలాసేపు సొంతంగా ఊపిరి అందదు; మత్తు డాక్టర్లు ఆ కుటుంబ చరిత్ర అడిగి తెలుసుకుంటారు. కానీ ఆ లోపం అంతగా పేరుకున్నది తరతరాలుగా లోపలివారినే పెళ్లాడటం వల్ల. హైదరాబాద్ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి వరకు ఈ దేశపు జనం విరివిగా కలిసిపోయారు. కట్టుబాట్లు బిగిసింది ఆ తర్వాతే. గోడ కట్టింది మనమే, గోడ వల్ల వచ్చిన జబ్బు కూడా మనదే. 1936లో అంబేద్కర్ ‘కుల నిర్మూలన’లో కులానికి అసలైన మందు కులాంతర వివాహమేనని రాశారు. ఆయన సామాజిక న్యాయం కోసం చెప్పిన మాటనే జన్యుశాస్త్రం ఆరోగ్యం కోసం చెబుతోంది.

ఇక మూడోది, నేను ఎక్కువగా గౌరవించేది, పేట నుంచి వచ్చే ప్రశ్న: అందరూ మనుషులే అనేస్తే మాకు జరిగిన అన్యాయం మాసిపోదా? మాసిపోనివ్వకూడదు. వాచిన కాలు చూసి, ఆ మనిషి ఇల్లు ఏ పల్లంలో ఉందో అడగని వైద్యం సగం వైద్యమే. ఒకే నెత్తురని ఒప్పుకున్నాక, ఒకరికి మెరక, ఒకరికి పల్లం ఎందుకొచ్చిందో కూడా ఒప్పుకోవాలి. ఈ రెండోది లేని మొదటి మాట పేటవారికి ఎందుకూ పనికిరాదు.

జిల్లాకు అంబేద్కర్ పేరు స్థిరపడింది. ఇది చదివే సర్పంచులకూ వార్డు సభ్యులకూ నా విన్నపం ఒక్కటే: ఈసారి డ్రైనేజీ పనుల జాబితా రాసేటప్పుడు మొదటి వరుసలో పేటను రాయండి.